వియన్నా మారియాహిల్ఫ్ చర్చి: అమ్మకి పూజ, అత్తమ్మకి షాపింగ్, రెండూ ఒకే వీధిలో కుదురుతాయా?

పల్నాటి_పిల్ల • 9 మే, రాత్రి 10:12

అందరికీ నమస్తే. ఈ నెలాఖరుకి మా అమ్మనీ, అత్తమ్మనీ తీసుకుని మ్యూనిక్ నుంచి వియన్నా వస్తున్నాను. 30 శనివారం, 31 ఆదివారం. ఉండేది ఆ రెండు రోజులే.

మా అమ్మది గుంటూరు వైపు క్యాథలిక్ కుటుంబం. ఏటా ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ళకి వెళ్ళి మరియమాత కొండెక్కి రావాల్సిందే. ఏ ఊళ్ళో ఉన్నా ఆదివారం పూజ మానదు. అత్తమ్మ శివరాత్రికి కోటప్పకొండ ప్రభల వెంట నడిచిన మనిషి. ఆవిడకి చర్చిలు చూడాలని లేదు, మనవరాళ్ళకి బట్టలు కొనాలని ఉంది. పైగా మోకాళ్ళ నొప్పి. ఒకరి కోసం ఇంకొకరిని తిప్పి ఇద్దరినీ అలిసిపోయేలా చేయడం నాకిష్టం లేదు.

మ్యాపులో చూస్తుంటే మారియాహిల్ఫర్ స్ట్రాసె అనే షాపింగ్ వీధిలో, బట్టల కొట్ల వరసలోనే ఒక పాత చర్చి కనబడింది. దాని పేరూ మారియాహిల్ఫే. లోపలికి వెళ్ళి చూడొచ్చా? టికెట్ ఉందా? క్రైస్తవులు కానివాళ్ళు పూజలో కూర్చుంటే ఎవరైనా ఏమైనా అంటారా? వెళ్ళినవాళ్ళు కాస్త చెప్పండి.

డాన్యూబ్_ఒడ్డున • 9 మే, రాత్రి 11:05

నేను ఆరో డిస్ట్రిక్ట్‌లో పదకొండేళ్ళుగా ఉంటున్నానండి. ఆ చర్చి మా ఇంటికి పది నిమిషాల నడక. కూరగాయలకి వెళ్ళేటప్పుడు కూడా దాని ముందునుంచే వెళ్తాను.

టికెట్ లేదు. చెప్పులు విప్పక్కర్లేదు. మగవాళ్ళు టోపీ తీసేస్తే చాలు. పూజలో ఎవరైనా కూర్చోవచ్చు. దివ్యసత్ప్రసాదం ఇచ్చేటప్పుడు మీ అమ్మగారు వరసలో వెళ్తారు, అత్తయ్యగారు బల్ల మీదే కూర్చుంటారు, అంతే. ఎవరూ తలతిప్పి కూడా చూడరు. పూజ జర్మన్‌లో ఉంటుంది. క్రమం మన దగ్గర జరిగేదే కాబట్టి మీ అమ్మగారికి ఎక్కడ నిలబడాలో, ఎక్కడ మోకరించాలో ఎవరూ చెప్పక్కర్లేదు. వేళలు తలుపు దగ్గర బోర్డు మీద రాసి ఉంటాయి. శనివారం వెళ్ళినప్పుడే ఫోటో తీసి పెట్టుకోండి.

ముఖ్యమైన సంగతి ఇంకోటి. ఆస్ట్రియాలో ఆదివారం కొట్లు తెరవరు. శనివారమైనా సాయంత్రం 6కే మూసేస్తారు. కాబట్టి శనివారం అత్తయ్యగారిది, ఆదివారం అమ్మగారిది. ఈ లెక్క మీకోసమే కుదిరినట్టుంది.

మెట్రోలో వస్తే యూ3 లైను. స్టెఫాన్స్‌ప్లాట్జ్‌లో ఎక్కితే మూడో స్టేషన్ నొయ్‌బావ్‌గాసె, అక్కడ దిగండి. మ్యూజియమ్స్‌క్వార్టియర్ వైపు నుంచి నడవాలనుకోకండి, అటునుంచి వీధి ఎగువకి ఉంటుంది. మోకాళ్ళకి కష్టం. 2015 నుంచి వీధి మధ్యభాగంలో కార్లు లేవు, అక్కడక్కడా బెంచీలు వేశారు.

ప్రయాణ_సంచి • 10 మే, ఉదయం 7:48

రెండే రోజులున్నప్పుడు ఆ చర్చికి సమయం ఎందుకండీ? నేను ఇరవై దాకా యూరప్ నగరాలు తిరిగాను. వియన్నాలో బరోక్ (17, 18 శతాబ్దాల నాటి ఆడంబరమైన నిర్మాణ శైలి) చూడాలంటే కార్ల్స్‌కిర్షె అనే చర్చి ఉంది. టికెట్ కొనాలి గానీ గుమ్మటం లోపల రాట్‌మయర్ వేసిన చిత్రం చూస్తే డబ్బు గుర్తుండదు. ఊరి నడిబొడ్డున పేటర్స్‌కిర్షె ఉంది, స్టెఫాన్ కథీడ్రల్ ఎలాగూ ఉంది. మారియాహిల్ఫ్ పేటలో వాళ్ళు వెళ్ళే మామూలు చర్చి. నేను రెండు నిమిషాల్లో చూసి బయటికొచ్చేశాను.

సున్నం_ఇటుక • 10 మే, ఉదయం 9:30

ప్రయాణ_సంచి గారూ, రెండు నిమిషాల్లో బయటికొస్తే లోపలి చీకటికి కళ్ళు ఇంకా అలవాటు పడకముందే వచ్చేసినట్టండి. ఎండలోంచి లోపలికి వెళ్ళినప్పుడు ఐదు నిమిషాలు వెనక బల్ల మీద ఊరికే కూర్చోవాలి. అప్పుడే పైకప్పు కనబడటం మొదలవుతుంది.

నేను పాత కట్టడాల మరమ్మతు పనిలో ఉన్నాను, హైదరాబాదులో. నాలుగేళ్ళ కిందట ఒక శిక్షణ కోసం వియన్నా వెళ్ళి మూడు వారాలున్నాను. ఆ చర్చికి కనీసం ఆరుసార్లు వెళ్ళి ఉంటాను. అక్కడ కథ చెక్క మందిరంతో మొదలైంది. 1660లో బార్నబైట్ సభ గురువులు నగరం గోడల బయట ఒక శ్మశానం కోసం స్థలం తీసుకుని అక్కడ చిన్న మందిరం వేశారు. 1683లో శత్రుసైన్యం వియన్నాని ముట్టడించినప్పుడు అది పోయింది. 1686 నుంచి 1689 మధ్య ఇటుకతో కట్టారు. జనం పెరిగారు, గుడి చాలలేదు. 18వ శతాబ్దం మొదట్లో పెంచుతూ పోయి, రెండు గోపురాలతో ముందుభాగం పూర్తయ్యేసరికి 1726 అయింది. ఒక్కడు గీసిన నక్షా కాదది, రెండు తరాలవాళ్ళు కలిపి కట్టుకున్న ఇల్లు.

బయట నిలబడి చూసేటప్పుడు గోపురాల కొసలు చూడండి, ఉల్లిపాయ బుర్రల్లా ఉంటాయి. ఇరుగ్గా ఉన్న వీధిలో గుడి ఎక్కడుందో దూరం నుంచే తెలియాలని అంత ఎత్తు లేపారు. మన గాలిగోపురం చేసే పనే అది.

లోపల పైకప్పు చిత్రాలు 1760 ప్రాంతంలో పాల్ ట్రోగర్ అనే చిత్రకారుడి శిష్యులు వేసినవి. తడి సున్నం ఆరేలోపు రంగు వేయాలి. ఏ రోజు ఎంత వేయగలరో అంత మేరకే గచ్చు పూసుకుంటారు. అందుకే ఏ పెద్ద పైకప్పు చూసినా నాకు బొమ్మకంటే ముందు రోజులు కనబడతాయి. మేస్త్రీ పొద్దున్నే పూసిన జాగా, సాయంత్రానికి ఆగిన అంచు.

ఇంకోటి. వియన్నా బరోక్ చర్చిల్లో చలువరాయి అనుకునే స్తంభాల్లో చాలావాటికి పైన ఉండేది రాయి కాదు. జిప్సంలో జిగురూ రంగులూ కలిపి, ముద్ద చేసి, పరిచి, ఆరాక రోజుల తరబడి నూరి మెరుగు పెడతారు. అరచేయి ఆనిస్తే అసలు చలువరాయంత చల్లగా తగలదు. రాయి కొనలేక చేశారనుకుంటారు చాలామంది. నిజానికి ఆ పని ఖరీదు తక్కువేం కాదు. కావలసిన రంగు, కావలసిన చార ఏ గనిలోనూ దొరకదు గనక చేత్తో చేసుకున్నారు.

చరిత్ర_పుటలు • 10 మే, మధ్యాహ్నం 1:15

కట్టడం గురించి సున్నం_ఇటుక గారు చెప్పారు. నాకు ఆ చర్చిలో అన్నిటికంటే ఇష్టమైనది పీఠం మీది పటం. అది చిన్నది, చుట్టూ బంగారు పని ఎక్కువుండటంతో దూరంనుంచి సరిగ్గా ఆనదు. కానీ ఆ పేటకీ, ఆ వీధికీ పేరిచ్చింది అదే.

లూకాస్ క్రనాఖ్ అనే జర్మన్ చిత్రకారుడు 16వ శతాబ్దంలో ఒక తల్లీబిడ్డల బొమ్మ వేశాడు. ఆయన మార్టిన్ లూథర్‌కి దగ్గర స్నేహితుడు, అంటే క్యాథలిక్కుల నుంచి విడిపోయిన పక్షం మనిషి. ఆ బొమ్మ డ్రెస్డెన్‌లో రాజుగారి దగ్గర ఉండేది. 1611లో పాసవ్ నగర బిషప్పు లియోపోల్డ్‌కి కానుకగా వచ్చింది. ఆయన తర్వాత టిరోల్ పాలకుడై ఇన్స్‌బ్రుక్ వెళ్తూ దాన్ని వెంట తీసుకెళ్ళాడు. ఇప్పటికీ అక్కడి కథీడ్రల్ పీఠం మీదే ఉంది. అయితే అది పాసవ్‌లో ఉండగా అక్కడి గురువొకాయన ఒక నకలు వేయించి కొండ మీద గుడిలో పెట్టాడు. జనం విపరీతంగా వచ్చేవారు. పాసవ్‌లోని ఆ నకలుకి నకలే వియన్నా చెక్క మందిరంలోకి వచ్చింది.

నకలుకి నకలు. దాని మీద మందిరం, మందిరం మీద పేట పేరు. అంతకుముందు ఆ శివారుని షొఫ్ అనేవారు. పటం వచ్చాక మారియాహిల్ఫ్ అయింది. మన మాటల్లో చెప్పాలంటే ‘మరియా, ఆదుకో’.

1683లో తురకలు వియన్నాని రెండు నెలలు చుట్టుముట్టి, శివార్లు కాల్చి బూడిద చేసినప్పుడు మందిరం పోయింది గానీ పటాన్ని ముందే తీసి దాచారు. అప్పటి చక్రవర్తి మొదటి లియోపోల్డ్ (పైన చెప్పిన బిషప్పు కాదు) పాసవ్‌కి వెళ్ళిపోయి అక్కడి పటం ముందే ప్రార్థించాడు. సెప్టెంబర్ 12న పోలండ్ రాజు సోబియెస్కీ సైన్యం దిగి ముట్టడి విరగ్గొట్టింది. ఆ తర్వాత ఈ తల్లి పటం నకళ్ళు ఆల్ప్స్ పల్లెల్లో ఇంటి గోడల మీదికి కూడా ఎక్కాయి.

చార్మినార్_చాయ్ • 10 మే, మధ్యాహ్నం 3:02

చరిత్ర_పుటలు గారూ, మీరు రాసేవి నేను ఇష్టంగా చదువుతాను, అందుకే చెబుతున్నాను. వచ్చింది ఒట్టోమన్ సామ్రాజ్యం సైన్యం. ఆ సైన్యంలో క్రైస్తవ సామంతుల దళాలూ ఉన్నాయి. ‘తురకలు’ అని రాస్తే మన తెలుగులో అది ఒక సైన్యం పేరుగా వినబడదు, పక్కింటివాళ్ళ పేరుగా వినబడుతుంది. నేను పుట్టింది పాతబస్తీలో. ఆ మాట ఏ గొంతుతో అంటారో నేను చిన్నప్పటి నుంచి విన్నాను. మీ ఉద్దేశం అది కాదని తెలుసు. అయినా మార్చండి.

చరిత్ర_పుటలు • 10 మే, సాయంత్రం 5:40

మీరు చెప్పింది నిజం. అలవాటుగా రాసేశాను, క్షమించండి. పై పోస్టు మార్చడానికి గడువు దాటింది కాబట్టి ఇక్కడే సరిచేస్తున్నాను: ఒట్టోమన్ సైన్యం.

ఇంకొక దిద్దుబాటు కూడా ఉంది. శివార్లని కాల్చింది ముట్టడించినవాళ్ళు మాత్రమే అన్నట్టు రాశాను. శత్రువుకి చాటు దొరక్కూడదని నగర రక్షణాధిపతి స్టార్‌హెంబెర్గ్ గోడల బయటి ఇళ్ళకి తానే నిప్పు పెట్టించాడు. ఆ పేటల్లో ఉండే చేతిపనివాళ్ళూ, తోటమాలులూ రెండు వైపుల నుంచీ నష్టపోయారు. మూడేళ్ళు తిరక్కుండా మళ్ళీ అక్కడే గుడి కట్టుకోవడం మొదలుపెట్టినవాళ్ళు వాళ్ళు. నాకు సోబియెస్కీ కంటే వాళ్ళే గుర్తుండాలనిపిస్తుంది.

చార్మినార్_చాయ్ • 10 మే, సాయంత్రం 6:11

థాంక్యూ అండీ. రక్షకులే కాల్చారన్న సంగతి నాకు తెలియదు.

మానేరు_వాగు • 10 మే, రాత్రి 8:25

అందరు పైన గోపురం ముచ్చట, పటం ముచ్చట చెప్పిన్రు. చర్చి కింద ఏమున్నదో ఎవ్వరు చెప్పలే. నేను చెప్త.

నేనీడ మాస్టర్స్ చేస్తున్న, మూడో సెమిస్టర్. చర్చి పక్కపొంటి బార్నబైటెన్‌గాసె అని చిన్న సందున్నది. ఆ సందుల ‘గ్రుఫ్ట్’ అని రాసి ఉంటది. గ్రుఫ్ట్ అంటే శవాలను పెట్టే నేలమాళిగ. ఎన్కట చర్చి కింద అదే ఉండె. ఇప్పుడు ఇల్లు లేనోళ్ళకు అది ఆసరా.

1986ల పక్కనున్న అమెర్లింగ్ స్కూలు పిల్లలు, ఆ చర్చి ఫాదర్లు కలిసి మొదలుపెట్టిన్రట. సలికాలంల బయట పండేటోళ్ళకు రోజు కొంచెంసేపు టీ, రొట్టె. అంతే. అట్ల మొదలైంది పెద్దగై, 1996 నుంచి కారితాస్ అనే క్యాథలిక్ సేవా సంస్థ చూసుకుంటున్నది. ఇప్పుడు పగలు రాత్రి నడుస్తది. మూడు పూటల తిండి, తానం చేసేటందుకు జాగ, బట్టలు ఉతుక్కునేటందుకు మిషన్లు, కాయిదాల పని చూసే సోషల్ వర్కర్లు, రాత్రి పండేటందుకు చోటు.

వంటకు బయటి నుంచి గుంపులు గుంపులుగ వస్తరు. మా యూనివర్సిటీ దోస్తులు ఎనిమిది మందిమి కలిసి రెండుసార్లు పోయినం. మొదటిసారి పోయిననాడు పైన గంటలు కొడుతున్నయి, మేం కింద ఆలుగడ్డలు కోస్తున్నం. పైన రోడ్డు మీద అందరి చేతుల బ్రాండు సంచులు, కింద ఒకాయన తన సామానంత ఒక్క సంచిల పెట్టుకొని కూసున్నడు. సూప్ పోసేటప్పుడు నా చేతులు వణికినయి. ఆయన నా దిక్కు చూసి గిన్నె ఇంకొంచెం దగ్గరికి జరిపిండు, ఒలకకుండ.

అక్కా, మీరు చర్చికి పోతే ఆ సందు చూడున్రి. లోపలికి పోయి చూసుడు వద్దు, అది చూసే జాగ కాదు. చర్చి అంటే పైనున్నది ఒక్కటే కాదని తెల్వాలె, అంతే.

డాన్యూబ్_ఒడ్డున • 10 మే, రాత్రి 9:10

మానేరు_వాగు, నువ్వు చెప్పింది చాలా మంచిపని. దానికే ఒక మాట కలుపుతాను. దయచేసి ఆ సందులో, చర్చి మెట్ల మీద కూర్చున్నవాళ్ళ ఫోటోలు తీయకండి. రెండేళ్ళ కిందట ఇండియా నుంచి వచ్చిన ఒక బృందానికి ఊరు చూపిస్తూ అటు తీసుకెళ్ళాను. వాళ్ళలో ఒకరు నిద్రపోతున్న మనిషిని దగ్గరగా ఫోటో తీశారు. పక్కన కూర్చున్నావిడ లేచొచ్చి చెరిపేయమంది. తప్పు చేసింది మావాళ్ళు, మాట పడాల్సింది నేనే, పడ్డాను. అప్పటి నుంచి అటు వెళ్ళే ముందే అందరికీ చెబుతున్నాను.

లోపల కూడా పూజ జరుగుతుంటే ఫోటోలు వద్దు. మామూలు వేళల్లో ఫ్లాష్ లేకుండా తీసుకోవచ్చు.

ప్రయాణ_సంచి • 10 మే, రాత్రి 10:30

కింద ఇలాంటిది ఉందని నాకు తెలియదు. ఆ సందు పక్కనుంచే నడిచాను, బోర్డు కూడా చూసినట్టు గుర్తు, పేరేమిటని ఆలోచించలేదు. మామూలు చర్చి అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను.

వీణతంత్రి • 11 మే, ఉదయం 6:20

పల్నాటి_పిల్ల గారూ, మీరు వెళ్తున్నది 31 మే అని చూసి రాయకుండా ఉండలేకపోయాను. చర్చి ముందు ఒక పాలరాతి విగ్రహం ఉంటుంది. అది స్వరకర్త యోసెఫ్ హైడన్‌ది. 1809లో ఇదే 31 మే నాడు, ఆ చర్చికి కాస్త దూరంలో ఉన్న తన ఇంట్లో ఆయన పోయారు.

1793లో ఆ ఇల్లు కొని, పైన ఒక అంతస్తు వేయించి, 1797లో కాపురం వచ్చారు. అప్పటికి అరవై ఐదేళ్ళు. మనలో చాలామంది ఇక చాలు అనుకునే వయసులో ఆయన రెండు మహా గానకావ్యాలు, ‘సృష్టి’, ‘ఋతువులు’, ఆ ఇంట్లో కూర్చుని పూర్తిచేశారు. 1809 మేలో నెపోలియన్ సైన్యం నగరం మీద ఫిరంగులు పేల్చినప్పుడు మంచం మీదున్నారు. నగరం లొంగిపోయాక ఆ ముసలాయన ఇంటి గుమ్మం దగ్గర నెపోలియన్ గౌరవంగా కాపలా పెట్టించాడు. నెల తిరక్కుండానే ఆయన పోయారు.

నేను వీణ నేర్పుతాను. పాశ్చాత్య సంగీతం నాకు ఆలస్యంగా పరిచయమైంది. హైడన్‌ని వింటే ఒక చిన్న పదాన్ని తీసుకుని, తిప్పి, విరిచి, మళ్ళీ ఇంటికి తెచ్చే పద్ధతి మన కర్ణాటక సంగీతంలో నెరవుకి ఎంతో దగ్గరగా అనిపిస్తుంది. రెండూ ఒకటి కాదని నాకు తెలుసు. కానీ ఒక్క పాదాన్ని పట్టుకుని ఎన్ని దారుల్లో నడవచ్చో చూసుకునే ఆ సంతోషం ఒకటే.

ఆ విగ్రహం నాట్టర్ అనే శిల్పి చెక్కింది, 1887 నాటిది. వీలైతే ఒక పువ్వు పెట్టండి. ఆయన ఇల్లు ఇప్పుడు మ్యూజియం, ఆ వీధి పేరు కూడా హైడన్‌గాసె, 19వ నంబరు. అయితే మోకాళ్ళ నొప్పి ఉన్నవారిని అంతదూరం నడిపించకండి.

పల్నాటి_పిల్ల • 11 మే, రాత్రి 9:55

ఇంత రాస్తారనుకోలేదు. అన్నీ అమ్మకి చదివి వినిపించాను. పటం కథ రెండుసార్లు చదివించుకుంది. అది వేసినాయన లూథర్ స్నేహితుడని చెబితే కాసేపు ఆగి, ‘గీసినవాడి చేయి మంచిదైతే చాల్లే’ అంది. గ్రుఫ్ట్ గురించి చదివాక ఏమీ అనలేదు. తర్వాత వంటింట్లోంచి పిలిచి, ‘ఆ అబ్బాయిని వాళ్ళకి ఏం వండాడో అడుగు’ అంది. మానేరు_వాగు తమ్ముడూ, ఏం వండారు?

మానేరు_వాగు • 11 మే, రాత్రి 10:20

మొదటిసారి ఆలుగడ్డ సూప్, అక్కా. రెండోసారి ఎర్రపప్పు, అన్నం. కారం తక్కువేసి, జీలకర్ర పోపు పెట్టిన. మళ్ళ మళ్ళ అడిగి తిన్నరు.

పల్నాటి_పిల్ల • 2 జూన్, రాత్రి 8:40

వెళ్ళొచ్చామండీ. మీ అందరికీ చెప్పకుండా ఉంటే బావుండదు.

శనివారం మధ్యాహ్నం నొయ్‌బావ్‌గాసెలో దిగాం. అత్తమ్మ రెండు గంటలు తిరిగింది, మనవరాళ్ళకి నాలుగు గౌన్లు కొంది. మోకాళ్ళు పట్టేశాయి. హైడన్ విగ్రహం దగ్గర బెంచీ మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చాను. అమ్మ లోపలికి వెళ్తానంటే నేనూ లేచాను. అత్తమ్మ ఒక్కతే ఎండలో ఎందుకని, ‘రా అత్తమ్మా, లోపల చల్లగా ఉంటుంది, కూర్చోవచ్చు’ అన్నాను. సంచులతో సహా వచ్చింది.

సున్నం_ఇటుక గారు చెప్పినట్టే వెనక బల్ల మీద కూర్చున్నాం. నిజంగానే మొదట ఏమీ కనబడలేదు. బయట నడకల చప్పుడు ఇంకా చెవుల్లో ఉంది, అది మెల్లగా తగ్గింది. తర్వాత పైకప్పు మీద రంగులు ఒక్కొక్కటే వచ్చాయి. ఎక్కడో ఒకావిడ సరుకుల సంచి కింద పెట్టి కొవ్వొత్తి వెలిగించుకుని, రెండు నిమిషాలు నిలబడి మళ్ళీ సంచి తీసుకుని వెళ్ళిపోయింది. ఒక కుర్రాడు ఆఫీసు బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. మన ఊళ్ళో బజారుకి వెళ్తూ దారిలో గుళ్ళోకి తొంగిచూసి దణ్ణం పెట్టుకుని పోయేవాళ్ళలాగే ఉన్నారు.

అమ్మ జపమాల తీసి పీఠం దగ్గరికి వెళ్ళింది. చాలాసేపటికి అత్తమ్మ కూడా లేచి మెల్లగా వెళ్ళి ఆమె పక్కన నిలబడింది. నేను వెనకే వెళ్ళాను. అత్తమ్మ కళ్ళజోడు సవరించుకుని పటాన్ని చూసి అమ్మతో అంది: ‘వదినా, చూశావా, బిడ్డ తల్లి గడ్డం పట్టుకున్నాడు.’

నేను అప్పటికి ఆ బొమ్మ ఫోనులో పదిసార్లు చూసి ఉంటాను. నాకు తట్టలేదు. నిజమే, బిడ్డ ఒళ్ళో నిలబడి, చెంప చెంపకి ఆనించి, చిన్న చేయి తల్లి గడ్డం కిందికి పోనిస్తున్నాడు. మనింట్లో ఎవరినైనా బతిమాలాలంటే గడ్డం పట్టుకునే కదా అడుగుతాం. ‘ఆదుకో’ అనే పేరు ఆ పటానికి ఎందుకు నిలిచిందో నాకక్కడ అర్థమైంది. చరిత్ర చెప్పే కారణం వేరే ఉంటే ఉండనీయండి. అమ్మ మాత్రం ‘ఇన్నేళ్ళుగా ఎన్ని పటాలు చూశాను, ఇట్టా ఎప్పుడూ చూళ్ళేదు వదినా’ అని ఆవిడ చేయి పట్టుకుంది. మా పెళ్ళప్పుడు ఈ ఇద్దరూ ఏడాదిన్నర మాట్లాడుకోలేదు. ఇంతకంటే రాయను.

ఆదివారం పూజకి అత్తమ్మ తానే తయారైంది. జర్మన్ పాటలు రాకపోయినా అమ్మ ప్రార్థనలన్నీ తెలుగులో పెదాలతో చెప్పుకుంది. గంటలు మోగినప్పుడు బల్ల కొద్దిగా అదిరినట్టనిపించింది. బయటికొచ్చాక వీణతంత్రి గారి పేరు చెప్పి హైడన్ పాదాల దగ్గర రెండు తెల్ల పువ్వులు పెట్టాం. కొట్లన్నీ మూసి ఉన్నాయి, వీధి ఖాళీగా ఉంది, శనివారం చూసిన వీధేనా అనిపించింది. బార్నబైటెన్‌గాసె మొదట్లో కాసేపు ఆగాం. ఫోటోలు తీయలేదు.

వీణతంత్రి • 2 జూన్, రాత్రి 9:15

ఆ తేదీ నాడు పువ్వులు పెట్టారు. నా గురువుగారికి పెట్టినంత సంతోషంగా ఉందండీ.

చరిత్ర_పుటలు • 2 జూన్, రాత్రి 9:32

ఆ పటం గురించి ఎన్నో చదివాను, గడ్డం సంగతి ఎవరూ ఇలా చెప్పలేదు. మీ అత్తయ్యగారికి నా నమస్కారం చెప్పండి.

సున్నం_ఇటుక • 2 జూన్, రాత్రి 10:04

అరచేయి స్తంభానికి ఆనించి చూశారా?

పల్నాటి_పిల్ల • 2 జూన్, రాత్రి 10:10

వేలితో మాత్రమే, ఒక్క క్షణం. మీరన్నట్టు చల్లగా తగల్లేదు.

మానేరు_వాగు తమ్ముడూ, అమ్మ ఇంకా ఇక్కడే ఉంది, నీకో మాట చెప్పమంటోంది. ఈసారి వండేటప్పుడు పప్పులో పాలకూర వేయమంది. చింతపండు వద్దట, అలవాటు లేని కడుపులకి పడదు, చివర్లో నిమ్మకాయ పిండమంది. వెల్లుల్లి ముందే నేతిలో వేయించి పెట్టుకుంటే పోపు మాడదట. ఎంతమందికో చెబితే కొలతలు చెబుతానంటోంది.

మానేరు_వాగు • 2 జూన్, రాత్రి 10:26

మాకు మళ్ళ జూన్ ఆఖర్ల పిలుపున్నది, అక్కా. వందమందికి అనుకోమని చెప్పు. అమ్మను కొలతలు ఒక్కొక్కటే చెప్పమను, నేను రాసుకుంట.